క్యూ షీట్‌లో ఫైల్ పాత్: తరచుగా అడిగే ప్రశ్నలు

కడప, అనంతపురం, కర్నూలు వైపు ఊళ్లలో పాత క్యాసెట్లను, సీడీలను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నవాళ్లు చాలామందే ఉన్నారు. హరికథలు, బుర్రకథలు, పద్యనాటకాలు, తిరునాళ్లలో చేసిన రికార్డింగులు. క్యాసెట్ ఒక వైపంతా ఒకే ఆడియో ఫైల్, పక్కన ఒక క్యూ షీట్: ఎక్కువమంది పాటిస్తున్న పద్ధతి ఇదే. పద్ధతి మంచిదే. కాకపోతే హార్డ్ డిస్క్ చేతులు మారగానే ఆడియో కళ్లెదుటే ఉన్నా ప్లేయర్ "ఫైల్ దొరకలేదు" అంటుంది. ఈ టెన్షన్ అందరికీ వస్తోంది, అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి. అందుకే జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. దేనికది విడిగా చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

క్యూ షీట్ అంటే ఏంటి? అందులో పాట ఉంటుందా?

ఉండదు. అది నోట్‌ప్యాడ్‌లో తెరుచుకునే మామూలు టెక్స్ట్ ఫైల్. ఏ ఆడియో ఫైల్ తెరవాలి, అందులో ఏ పాట ఎన్నో నిమిషంలో మొదలవుతుంది, దాని పేరేంటి, పాడినవాళ్లెవరు అన్నది మాత్రమే అందులో ఉంటుంది. సీడీలు రాసే సీడీఆర్‌విన్ అనే ప్రోగ్రామ్ కోసం పుట్టిన ఫార్మాట్ ఇది. తర్వాత ప్లేయర్లు కూడా దీన్ని అందుకున్నాయి. ఆడియో పోతే క్యూ షీట్ ఒక్కటే మిగిలి ఏ లాభమూ లేదు. క్యూ షీట్ పోతే ఆడియో మిగులుతుంది కానీ, ఏ పద్యం ఎక్కడుందో మళ్లీ మొత్తం విని రాసుకోవాల్సిందే.

తెరిస్తే లోపల ఏముంటుంది? ఆ అంకెలేంటి?

ఇలా ఉంటుంది. అసలు ఫైల్‌లో ఆదేశాలు ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో ఉంటాయి, చదవడానికి వీలుగా ఇక్కడ మన లిపిలో రాశాను.

> ఫైల్ "ఆదోని హరికథ ఎ వైపు.వావ్" వేవ్
> ట్రాక్ 01 ఆడియో
> టైటిల్ "ప్రార్థన"
> ఇండెక్స్ 01 00:00:00
> ట్రాక్ 02 ఆడియో
> టైటిల్ "కథా ప్రారంభం"
> ఇండెక్స్ 01 04:12:37

మొదటి లైన్‌లో కొటేషన్ల మధ్య ఉన్నదే ఫైల్ పాత్, అంటే ఆడియో ఫైల్ ఎక్కడుందో చెప్పే చిరునామా. ఇండెక్స్ పక్కన ఉన్నవి నిమిషాలు, సెకన్లు, ఫ్రేములు. సీడీ లెక్కలో సెకనుకి 75 ఫ్రేములు. కాబట్టి 37 అంటే దాదాపు అర సెకను. చివరి అంకె 74 దాటకూడదు. వందకి లెక్కేసి 90 అని రాస్తే అది తప్పు లైన్ అవుతుంది. ఒక క్యూ షీట్‌లో గరిష్ఠంగా 99 ట్రాకులు.

ప్లేయర్ ఆడియోని ఎక్కడ వెతుకుతుంది?

పాత్‌లో ఉత్త ఫైల్ పేరే ఉంటే, క్యూ షీట్ ఏ ఫోల్డర్‌లో ఉందో అదే ఫోల్డర్‌లో వెతుకుతుంది. ప్లేయర్ ఇన్‌స్టాల్ అయిన చోట కాదు, మీ మ్యూజిక్ ఫోల్డర్‌లోనూ కాదు. పేరు ముందు ఫోల్డర్ పేరు కూడా ఉంటే, క్యూ షీట్ ఉన్న చోటి నుంచి ఆ లోపలి ఫోల్డర్‌లోకి వెళుతుంది. డ్రైవ్ అక్షరంతో మొదలయ్యే పూర్తి పాత్ ఉంటే నేరుగా అక్కడికే పోతుంది, క్యూ షీట్ పక్కన ఏముందో చూడదు.

ఇది సాధారణ పద్ధతి. కొన్ని ప్లేయర్లు కాస్త చొరవ తీసుకుంటాయి. ఎంపీవీ పాత్‌లోని ఫోల్డర్ భాగాన్ని వదిలేసి, చివరి పేరును మాత్రమే తీసుకుని క్యూ షీట్ పక్కన వెతుకుతుంది. అదీ దొరక్కపోతే, క్యూ షీట్‌కి ఏ పేరు ఉందో అదే పేరున్న ఆడియో పక్కన ఉందేమో చూస్తుంది. అందుకే ఒకే క్యూ షీట్ ఒక ప్లేయర్‌లో తెరుచుకుని ఇంకోదానిలో మొరాయిస్తుంది. ఎంపీవీలో వచ్చింది కదా అని క్యూ షీట్ సరిగ్గా ఉందనుకోకండి.

పూర్తి పాత్ రాయడం మంచిదా, ఉత్త పేరు చాలా?

ఉత్త పేరే రాయండి. ఆడియో, క్యూ షీట్ రెండూ ఒకే ఫోల్డర్‌లో ఉంచండి, రెండిటికీ ఒకే పేరు పెట్టండి. ఈ ఒక్క అలవాటుతో సగానికి సగం చిక్కులు అసలు పుట్టవు.

చివర్లో "వేవ్" అని ఉంది, నాది ఫ్లాక్ ఫైల్. మార్చాలా?

అక్కర్లేదు. అసలు ఫార్మాట్‌లో బైనరీ, మోటరోలా, ఏఐఎఫ్ఎఫ్, వేవ్, ఎంపీ3 అనే రకాలే ఉన్నాయి. నాణ్యత పోకుండా ఆడియో సైజు తగ్గించే ఫ్లాక్‌కి అందులో చోటు లేదు కాబట్టి అందరూ వేవ్ అనే రాస్తారు. ప్లేయర్లు ఆ మాటని పెద్దగా పట్టించుకోవు, ఫైల్ తెరిచి లోపలున్నదేంటో చూసుకుంటాయి. మీరు సరిచూడాల్సింది కొటేషన్ల లోపల, పేరు చివరున్న ఎక్స్‌టెన్షన్‌ని, అంటే చుక్క తర్వాత ఉండే భాగాన్ని.

## క్యూ షీట్ రాసేటప్పుడు

ఫైల్ పేరు తెలుగులో పెట్టొచ్చా?

నిక్షేపంగా పెట్టొచ్చు. క్యూ షీట్‌ని యూటీఎఫ్-8లో, అంటే అన్ని భాషల అక్షరాలనీ దాచగల ఎన్‌కోడింగ్‌లో, సేవ్ చేస్తే చాలు. పాత ఆన్సీ పద్ధతిలో సేవ్ చేస్తే మాత్రం తెలుగు నిలవదు, ఎందుకంటే విండోస్‌లో తెలుగుకి ఆన్సీ కోడ్ పేజీ అంటూ ఎప్పుడూ లేదు. విండోస్ 10లో 1903 వెర్షన్ నుంచి నోట్‌ప్యాడ్ తనంతట తానే యూటీఎఫ్-8 ఎంచుకుంటోంది. అంతకుముందుదైతే "సేవ్ యాజ్" పెట్టెలో కింద ఎన్‌కోడింగ్ అన్న చోట మీరే మార్చాలి.

ఇందులో ఇంకో మెలిక ఉంది. యూటీఎఫ్-8లో బామ్ అనే గుర్తు ఉన్నది, లేనిది అని రెండు రకాలు. బామ్ అంటే ఫైల్ మొదట్లో కంటికి కనిపించకుండా ఉండే గుర్తు. విండోస్‌లోని కొన్ని పాత ప్లేయర్లు అది ఉంటేనే యూటీఎఫ్-8 అని గుర్తుపడతాయి. కొన్ని చిన్న టూల్స్‌కి అదే అడ్డం, మొదటి లైన్‌ని గుర్తుపట్టలేవు. రెండిటికీ సరిపోయే ఉపాయం: బామ్‌తోనే సేవ్ చేసి, మొట్టమొదటి లైన్‌గా ఒక రెమ్ లైన్, అంటే ఉత్త వ్యాఖ్య, పెట్టండి. పోతే ఆ వ్యాఖ్య పోతుంది, ఫైల్ లైన్ క్షేమంగా ఉంటుంది.

పేరు ఎంత పొడుగు ఉండొచ్చు? విండోస్‌లో ఉన్న ఫైల్ లినక్స్‌లోకి కాపీ కావట్లేదు.

మనవాళ్లు ఫైల్ పేరులోనే కథ పేరు, భాగవతార్ పేరు, ఊరు, ఉత్సవం, సంవత్సరం అన్నీ రాస్తారు. ఆ శ్రద్ధ అర్థమవుతుంది. కానీ లినక్స్‌లో మామూలుగా వాడే ఈఎక్స్‌టీ4 అనే డిస్క్ ఫార్మాట్‌లో పేరు 255 బైట్లు దాటకూడదు. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు. అంటే పేరంతా తెలుగైతే 85 గుర్తులే. పైగా మనకి ఒక అక్షరంలా కనిపించేది కంప్యూటర్‌కి ఒకటి కాదు. "శ్రీ"లో శ, పొల్లు, ర, గుడి దీర్ఘం కలిపి 4 గుర్తులు, 12 బైట్లు. విండోస్ డిస్క్ ఫార్మాట్ ఎన్‌టీఎఫ్ఎస్ బైట్లు కాకుండా గుర్తులు లెక్కపెడుతుంది, దానికి హద్దు 255. అందుకే అక్కడ హాయిగా ఉన్న పేరు ఇక్కడ ఇమడదు.

విండోస్‌లో ఇంకో హద్దు ఉంది. డ్రైవ్ దగ్గర్నుంచి ఎక్స్‌టెన్షన్ వరకు మొత్తం పాత్ 260 దాటితే చాలా ప్రోగ్రాములు ఫైల్‌ని తెరవలేవు. ఫోల్డర్‌లో ఫోల్డర్ పెట్టుకుంటూ పోయేవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి. పేరు చిన్నగా ఉంచి వివరాలన్నీ క్యూ షీట్ లోపల రాసుకోండి.

పేరులో ఏ గుర్తులు వాడకూడదు?

విండోస్ ఒప్పుకోనివి ఇవి: \ / : * ? " < > |. లినక్స్ వీటిలో / ఒక్కదాన్నే కాదంటుంది. కాబట్టి అక్కడ పెట్టిన పేరు విండోస్‌కి వచ్చేసరికి మారిపోయే ప్రమాదం ఉంది. తేదీని 12/4 అని రాయకండి, 12-4 అని రాయండి. పేరు చివర చుక్క గానీ ఖాళీ గానీ వదలకండి, విండోస్ వాటిని తీసేస్తుంది. టైటిల్ లైన్‌కి ఈ పట్టింపు లేదు, అక్కడ ప్రశ్న గుర్తు పెట్టుకోవచ్చు. డబుల్ కొటేషన్ మాత్రం ఎక్కడా పేరు మధ్యలో రాకూడదు, క్యూ షీట్‌లో దాన్ని తప్పించుకునే పద్ధతి లేదు.

కొటేషన్లు లేకపోతే పని చేయదా?

పేరులో ఖాళీ లేకపోతే చేస్తుంది. "ఆదోని హరికథ" అని మధ్యలో ఖాళీ ఉంటే కొటేషన్లు లేనప్పుడు ప్లేయర్ "ఆదోని" దగ్గరే ఆగిపోతుంది. ఎప్పుడూ పెట్టడమే మేలు. అవి నిటారు కొటేషన్లే కావాలి. వర్డ్ లాంటి వాటిలో టైప్ చేస్తే అవి వంపు తిరిగిన కొటేషన్లుగా మారిపోతాయి, ప్లేయర్‌కి అవి కొటేషన్లే కావు. క్యూ షీట్ పని నోట్‌ప్యాడ్‌లోనే చేయండి.

క్యాసెట్ రెండు వైపులూ ఒకే క్యూ షీట్‌లో రాయొచ్చా?

రాయొచ్చు. రెండో ఆడియో కోసం మధ్యలో మరో ఫైల్ లైన్ రాయాలి. ట్రాక్ నంబర్లు ఆగకుండా కొనసాగాలి, సమయం మాత్రం 00:00:00 నుంచి మళ్లీ మొదలవ్వాలి. 90 నిమిషాల క్యాసెట్‌లో ఒక వైపు 45 నిమిషాలు. బి వైపు మొదటి పద్యానికి 45:00:00 అని రాస్తే ప్లేయర్ రెండో ఫైల్‌లో 45వ నిమిషానికి వెళుతుంది, అక్కడ ఏమీ ఉండదు.

నన్నడిగితే వైపుకో క్యూ షీట్ రాయడమే మంచిది. ఒక ఆడియో కనిపించకపోయినా రెండో వైపు వినడానికి అడ్డం ఉండదు.

## "ఫైల్ దొరకలేదు" అన్నప్పుడు

ఫైల్ పక్కనే ఉంది గదా, దొరకలేదంటాదేంది?

ముందు ఎక్స్‌టెన్షన్ చూడండి. రికార్డ్ చేసినప్పుడు వావ్‌గా ఉన్నదాన్ని చోటు కోసం ఫ్లాక్‌కి మార్చి ఉంటారు, క్యూ షీట్‌లో ఇంకా వావ్ అనే ఉంటుంది. సీడీ నుంచి ఎక్కించినవాటిలోనూ ఎక్కువగా జరిగేది ఇదే. నోట్‌ప్యాడ్‌లో ఆ మూడు అక్షరాలు మార్చి సేవ్ చేస్తే సరిపోతుంది.

విండోస్ మామూలుగా ఎక్స్‌టెన్షన్లని దాచిపెడుతుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ కింద "ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్" ఆన్ చేసి చూడండి. పేరు మార్చేటప్పుడు తెలియక "హరికథ.వావ్.ఫ్లాక్" అయిపోయిన ఫైళ్లు అప్పుడు బయటపడతాయి. క్యూ షీట్ కూడా "హరికథ.క్యూ.టెక్స్ట్"గా సేవ్ అయి ఉండొచ్చు. అలాంటప్పుడు ప్లేయర్‌కి అది క్యూ షీట్ అనే తెలియదు.

నా దగ్గర బాగానే వచ్చింది, అనంతపురంలో మా బావ కంప్యూటర్‌లో రావట్లేదు.

క్యూ షీట్‌లో పూర్తి పాత్ ఉండి ఉంటుంది. మీ దగ్గర డి డ్రైవ్‌లో ఉన్నది, అదే హార్డ్ డిస్క్ ఆయన కంప్యూటర్‌కి పెడితే ఈ డ్రైవో, ఎఫ్ డ్రైవో అవుతుంది. క్యూ షీట్ ఇంకా డి డ్రైవ్‌నే చూపిస్తుంటుంది. ఆయన డి డ్రైవ్‌లో ఆ ఫోల్డర్ లేదు కాబట్టి ప్లేయర్ చేతులెత్తేస్తుంది. ఫైల్ లైన్‌లో చివరి \ గుర్తు వరకు ఉన్నదంతా తీసేసి, ఉత్త పేరు మిగల్చండి.

విండోస్‌లో వస్తుంది, లినక్స్‌లో ఒక్కటీ రావట్లేదు.

రెండు కారణాలు. మొదటిది గీత. పాత్‌లో లోపలి ఫోల్డర్‌ని \ గుర్తుతో రాస్తే విండోస్‌కి అది ఫోల్డర్ హద్దు, లినక్స్‌కి మాత్రం పేరులో భాగమైన మామూలు అక్షరం. / గుర్తు వాడండి, అది రెండు చోట్లా పనిచేస్తుంది.

రెండోది పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు. విండోస్‌కి ఆ తేడా మామూలుగా పట్టదు, లినక్స్‌కి పడుతుంది. తెలుగులో అక్షరాలకి ఆ భేదమే లేదు, అందుకే తెలుగు పేర్లు పెట్టినవాళ్లు ఈ సంగతి ఊహించరు. చిక్కంతా చుక్క తర్వాత ఉంటుంది: ఫైల్‌కి పెద్ద అక్షరాల్లో వావ్ అని ఉండి, క్యూ షీట్‌లో చిన్న అక్షరాల్లో ఉంటే లినక్స్‌కి అవి రెండు వేరు ఫైళ్లు.

పేరు అక్షరం అక్షరం పోల్చాను, రెండూ ఒకటే. అయినా దొరకట్లేదు!

కంటికి ఒకటే, కంప్యూటర్‌కి కాదు. తెలుగు పేర్లలోనే ఎక్కువగా వచ్చే సమస్య ఇది, ఇంగ్లిష్ గైడ్లలో దీని గురించి దొరకడం కష్టం. అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

మనం టైప్ చేసేటప్పుడు పొల్లు తర్వాత ఒత్తు పడకుండా ఉండటానికి కీబోర్డు ఒక కనిపించని గుర్తు పెడుతుంది. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. "కర్నూలు ఎఫ్ఎం" అని రాశారనుకోండి. "ఎఫ్" తర్వాత ఆ గుర్తు ఉన్నా, లేకున్నా తెరమీద అచ్చం ఒకేలా కనిపిస్తుంది, తర్వాత వచ్చేది అచ్చు కాబట్టి ఒత్తు పడే అవకాశమే లేదు. ఫైల్ పేరు ఫోన్‌లో పెట్టి, క్యూ షీట్ కంప్యూటర్‌లో టైప్ చేస్తే ఒకదాంట్లో గుర్తు ఉండి ఇంకోదాంట్లో లేకుండా పోతుంది. ప్లేయర్ బైట్లు పోలుస్తుంది, పేరు తేడా అంటుంది.

రెండోది ఐత్వం. "మైదుకూరు"లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా దాచొచ్చు: ఒకే గుర్తుగా, లేదా ఎత్వం, దానికి తోడు కింద ఇంకో చిన్న గుర్తుగా. పాత మ్యాక్‌లు వాడే హెచ్ఎఫ్ఎస్ ప్లస్ డిస్కులు పేర్లని విడదీసి దాస్తాయి. అలాంటి మ్యాక్‌లో ఉన్న "మైదుకూరు" ఫోల్డర్‌ని లినక్స్‌కి తెచ్చుకుంటే, మీరు క్యూ షీట్‌లో టైప్ చేసిన "మైదుకూరు"తో అది కలవదు.

రెండిటికీ మందు ఒకటే: పేరును మళ్లీ టైప్ చేయకండి. ఫైల్ మీద ఎఫ్2 నొక్కి, పేరు మొత్తం సెలెక్ట్ చేసి కాపీ చేసుకుని క్యూ షీట్‌లో కొటేషన్ల మధ్య పేస్ట్ చేయండి. ఎక్స్‌టెన్షన్ కూడా కలిపి వచ్చిందో లేదో చూసుకోండి.

తెలుగు పేర్లు ప్రశ్న గుర్తులుగా కనిపిస్తున్నాయి. పిచ్చి అక్షరాలు కూడా వస్తున్నాయి. బాగవుతాయా?

ఈ రెండూ వేరు వేరు జబ్బులు. వరసగా ప్రశ్న గుర్తులు ఉంటే ఎవరో ఆన్సీలో సేవ్ చేశారని అర్థం. ఆ ఫైల్‌లో అసలు అక్షరాలు ఇక లేవు. పాత కాపీ ఏదైనా ఉంటే తెచ్చుకోవాలి, లేదంటే విని మళ్లీ రాయాలి.

నెత్తిన గీత ఉన్న ఇంగ్లిష్ ఎ, దాని పక్కన డిగ్రీ గుర్తు, ఇలా మళ్లీ మళ్లీ వస్తుంటే కంగారు పడకండి. తెలుగు చెక్కుచెదరలేదు, ప్లేయర్ యూటీఎఫ్-8ని వేరే కోడ్ పేజీగా చదువుతోంది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే తెలుగు బాగానే కనిపిస్తుంది. అప్పుడు "యూటీఎఫ్-8 విత్ బామ్" ఎంచుకుని సేవ్ చేస్తే పాత ప్లేయర్లు కూడా దారికొస్తాయి.

పాటలు వస్తున్నాయి, కానీ ఒక పద్యం మధ్యలో ఇంకో ట్రాక్ మొదలవుతోంది.

పాత్ సమస్య కాదు. క్యూ షీట్ రాశాక ఎవరో ఆడియో మొదట్లో ఉన్న నిశ్శబ్దాన్ని కత్తిరించి ఉంటారు. ట్రాకులన్నీ ఒకే అంత జరిగి ఉంటే కారణం అదే.

వందల క్యూ షీట్లలో ఒకే తప్పు ఉంది. ఒక్కొక్కటీ తెరవాలా?

అక్కర్లేదు. నోట్‌ప్యాడ్++లో "ఫైండ్ ఇన్ ఫైల్స్" వాడి ఫోల్డర్ మొత్తంలో ఒకేసారి మార్చొచ్చు. ముందు క్యూ షీట్లన్నిటినీ ఇంకో చోటికి కాపీ చేసుకోండి. అవి ఎలాగూ చోటు తీసుకోవు. ఒకదాని మీద ప్రయత్నించి, ప్లేయర్‌లో తెరిచి చూసి, తెలుగు టైటిళ్లు చెడలేదని తేలాకే మిగతావాటి జోలికి వెళ్లండి.

## ఫోన్, కారు, పంపకాలు

ఫోన్‌లో ఆడియో కనిపిస్తోంది, ట్రాకులు కనిపించట్లేదు.

ఫోన్‌తో వచ్చే ప్లేయర్లు చాలావరకు క్యూ షీట్ చదవవు. పవర్యాంప్ చదువుతుంది. అదున్నా కనిపించకపోతే అనుమతి చూడండి. ఆండ్రాయిడ్ 11 నుంచి, మ్యూజిక్ అనుమతి మాత్రమే ఉన్న యాప్‌కి ఆడియో ఫైళ్లే కనిపిస్తాయి, టెక్స్ట్ ఫైలైన క్యూ షీట్ చాలాసార్లు కనిపించదు. యాప్ సెట్టింగ్స్‌లో ఆ ఫోల్డర్‌నే ఎంచుకుని అనుమతి ఇవ్వండి.

కారులో పెన్ డ్రైవ్ పెడితే అంతా ఒకే పాటగా వస్తోంది.

కారు స్టీరియోలు మామూలుగా క్యూ షీట్ చదవవు. కారు కోసం విడిగా ముక్కలు చేసుకోవాలి. విండోస్‌లో క్యూటూల్స్ గానీ ఫూబార్2000లోని కన్వర్టర్ గానీ క్యూ షీట్ చూసి ట్రాకులుగా విడగొట్టి పేర్లు కూడా పెడతాయి. ఫ్లాక్‌ని ఫ్లాక్‌గానే విడగొడితే నాణ్యత పోదు. ఎంపీ3ని మళ్లీ ఎంపీ3గా కన్వర్ట్ చేస్తే కొంత పోతుంది, దానికి నేరుగా కోసే ఎంపీ3స్ప్లిట్ లాంటిది వాడండి. ముక్కలు వచ్చాయి కదా అని అసలు ఫైల్ తీసేయకండి.

మెసేజ్ యాప్‌లో పంపితే అవతలివాళ్లకి తెరుచుకోవట్లేదు.

ఆడియోగా పంపితే యాప్ పేరు మార్చేయొచ్చు. రెండోసారి డౌన్‌లోడ్ చేస్తే పేరు చివర (1) చేరుతుంది. క్యూ షీట్‌లో పాత పేరే ఉంటుంది. రెండిటినీ ఒక జిప్‌లో పెట్టి డాక్యుమెంట్‌గా పంపండి.

## దాచుకునేటప్పుడు

క్యూ షీట్‌ని ఆడియో లోపలే పెట్టేస్తే పాత్ గొడవే ఉండదు కదా?

నిజమే. ఫ్లాక్‌లో క్యూషీట్ అనే ట్యాగ్‌గా మొత్తం క్యూ షీట్‌ని పెట్టొచ్చు. అప్పుడు ఆడియో అదే ఫైల్ కాబట్టి లోపలి ఫైల్ లైన్‌తో పనిలేదు, పేరు మార్చినా చెడదు. ఫూబార్2000 దీన్ని బాగా చదువుతుంది. ఫ్లాక్‌కి సొంతంగా క్యూషీట్ బ్లాక్ అని ఇంకోటి కూడా ఉంది, కానీ అందులో సమయాలే తప్ప పాటల పేర్లు నిలవవు. దాన్ని నమ్ముకోకండి.

లోపల పెట్టినదాన్ని చదవలేని ప్లేయర్లూ ఉన్నాయి, కాబట్టి బయట కూడా ఒక క్యూ షీట్ ఉంచండి.

ఫోల్డర్ పేరు మార్చితే ఏమవుతుంది?

క్యూ షీట్‌లో ఉత్త ఫైల్ పేరే ఉంటే ఏమీ కాదు. "ప్రొద్దుటూరు" ఫోల్డర్‌ని "కడప జిల్లా"లోకి జరిపినా ఫరవాలేదు. ఆడియో ఫైల్ పేరు మార్చితే మాత్రం క్యూ షీట్‌లోనూ మార్చాలి.

రెమ్ లైన్‌లో ఏం రాయొచ్చు?

ఏదైనా రాయొచ్చు, ప్లేయర్లు మామూలుగా దాన్ని పట్టించుకోవు. క్యాసెట్ అట్ట మీద చేత్తో రాసి ఉన్నదంతా ఇక్కడ ఎక్కించండి: ఏ ఊరు, ఏ ఉత్సవం, ఎవరు చెప్పారు, హార్మోనియం ఎవరు, తబలా ఎవరు, క్యాసెట్ ఎవరింట్లో దొరికింది. మన ఊళ్లలో చెప్పిన చాలా హరికథలకి ఆ ఒక్క క్యాసెట్ తప్ప వేరే ఆధారం లేదు. అట్ట మీది ఇంకు వెలిసిపోతుంది, ఇంట్లో పెద్దవాళ్లు గుర్తుపట్టి చెప్పగలిగినప్పుడే అడిగి రాసుకోవాలి. ఒక్కో వివరానికి ఒక్కో రెమ్ లైన్ పెట్టి, అన్నిటినీ ఫైల్ లైన్‌కి పైన ఉంచండి.